గుండిగ ఉన్న జాగా

మళ్లీ మోకాలికి తగిలింది. ఈ ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు పోవాలంటే ముందు గుండిగను దాటాలి, తర్వాత మంచం కోడును, తర్వాత బీరువా తలుపును. ఆ తలుపైనా సగమే తెరుచుకుంటుంది, మిగతా సగానికి మంచం అడ్డం, అందుకే రేపు క్రిస్మస్‌కు కట్టుకోవాల్సిన చీర కోసం పొద్దున సందులోంచి చేయి దూర్చి నా బీరువాలో నేనే దొంగలా తడుముకున్నాను. వద్దంటే విన్నాడా మనిషి. చర్చివాళ్లిచ్చిన మిషన్ ఇల్లు ఖాళీ చేసిన రోజు, సామాను ట్రాక్టరుకు ఎత్తుతుంటే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, ఇద్దరం ముసలాళ్లం, ఊరందరికీ వండే గుండిగతో మనకేం పని, వంటపాకలోనే వదిలేద్దాం అని. "నీది గద అది, మీ నాయన సత్తుపల్లి నుంచి పంపిచ్చిండు" అన్నాడు, అని ట్రాక్టరులో దానికే మొదటి చోటు ఇచ్చాడు. నాదైతే నేను వద్దన్నప్పుడు వదలొద్దా? నీది నీది అంటూనే నా మాట తీసి గట్టున పెట్టడం ఈయనకే చెల్లింది. ఇప్పుడది ఇంకెక్కడా పట్టక రెండు గదుల మధ్య దారిలో కూర్చుంది, కడుపునిండా బొంతలూ స్వెట్టర్లూ చర్చి పాత తెరలూ కుక్కుకుని. రెండు గదులని అలవాటు కొద్దీ అంటున్నాను. నిజానికి ఒక గది, ఒక అర. గదిలో మంచం, మంచం మీద ఆయన. అరలో నేను, నేల మీద కిరసనాయిలు స్టవ్. గ్యాసు ఇంకా ఈ ఇంటి అడ్రసుకు మారలేదు, మారుస్తామని చెప్పినవాళ్లు పండగ వెళ్లాక రమ్మన్నారు. మధ్యలో ఒక తెర. తెర అంటే ఆయనకు నేను కనబడనని గానీ, ఆయన గొణుగుడు నాకు వినబడదని కాదు.

గొణుగుతున్నాడు. మధ్యాహ్నం తిన్నప్పటి నుంచి గొణుగుతూనే ఉన్నాడు, గోడవైపు తిరిగి, వేళ్లతో మోకాలి మీద తాళం వేసుకుంటూ. ఏంటండీ అంటే ఏం లేదంటాడు. రిటైరైన మగవాడు ఇంట్లో ఉంటే కందిరీగ దూరినట్టే, కుట్టదు, పోదు. ఆ పెద్ద ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ మనిషి ఇంత చప్పుడు చేస్తాడని నాకు తెలియనే తెలియదు. గూడెం గూడెం తిరిగి వాక్యం చెప్పే ఉపదేశి, పొద్దున సైకిలెక్కితే చీకటి పడ్డాక దిగేవాడు, ఉన్న మాటలన్నీ ములకలపల్లి అడవిలోనే ఖర్చు పెట్టి ఇంటికొచ్చేసరికి ఒట్టి చేతులతో వచ్చేవాడు. అన్నం పెట్టావా, కాళ్లు నొప్పులు, దీపం తగ్గించు, ఇంతే. నేనూ అడిగేదాన్ని కాదు, అడగడానికి నాకు మాత్రం ఓపిక ఎక్కడ ఏడ్చింది.

ఎసరు పెట్టాను. ఇద్దరికి సరిపడా ఎసరు, చూస్తే పిల్లలు బొమ్మరిల్లు ఆడుకుంటున్నట్టుంది. మా కూతురు అక్సా ఖమ్మం నుంచి కుక్కరు పంపింది, దవాఖానాలో దానికి పండగ రోజు కూడా డ్యూటీనే, అమ్మా ఇందులో చిటికెలో అయిపోతుంది అని ఫోన్లో ఒకటే పోరు. చిటికెలో వండుకుని మిగిలిన రోజంతా ఏం చేయను, ఈ గొణుగుడు వింటూ కూర్చోనా? కుక్కరు మంచం కింద ఉంది. మంచం కింద ఇంకా ఏమేం ఉన్నాయో ప్రభువుకే తెలియాలి. ఆయన నక్షత్రం మాత్రం మంచం కిందా పట్టలేదు. ఏటా వెదురు చీల్చి, ఎర్ర కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి మిషన్ ఇంటి కప్పుకు కట్టేవాడు, గుట్ట దిగేవాళ్లకు కనబడాలని. ఈసారీ అదే కొలతకు చేశాడు. ఇల్లు చిన్నదైందన్న సంగతి ఆ వేళ్లకు ఎవరూ చెప్పలేదు కాబోలు. చూరు మన నెత్తికి అందేంత ఎత్తులో ఉంటే దానికి అంత నక్షత్రమా? గుమ్మానికి అడ్డంగా వేలాడుతోంది, పాలవాడు వంగి వచ్చాడు, వంగి పోయాడు, ఎదురింటి శ్యామల చూసి నవ్వింది.

ఈ ఇల్లు ఏరికోరి తీసుకున్నది నేనే, అది కూడా చెప్పుకోవాలి. చండ్రుగొండ రోడ్డులో ఒకటి చూసొచ్చాడు ఆయన, ముందర వరండా, పక్కన వేపచెట్టు, కిరాయి కూడా ఇంతే. నేను కాలు కూడా పెట్టలేదు. వరండా ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. వరండా ఉంటే మనుషులు పడుకుంటారు. పడుకున్నవాళ్లు లేస్తారు, లేచినవాళ్లు తింటారు. ముప్పై ఏళ్లు చూశాను. పండగ ముందురోజు సాయంత్రం గుట్ట అవతలి గూడేలన్నీ దిగేవి, కొందరు నడిచి, కొందరు ఈ అయిదింటి బస్సుకు. ఒక గూడెం వాళ్లు అడ్డాకులు తెచ్చేవాళ్లు విస్తళ్లకు, ఒక గూడెం వాళ్లు కట్టెలు, ఒకళ్లు గుమ్మడికాయలు, అందరూ తలా ఇన్ని బియ్యం, అన్నీ తెచ్చి వరండాలో దించి, మంట చుట్టూ వాళ్ల భాషలో వాళ్లు మాట్లాడుకుంటూ తెల్లవార్లూ నవ్వేవాళ్లు. అందరూ బాప్తిస్మం తీసుకున్నవాళ్లా అంటే కాదు. గుట్ట మీది కన్నమ్మ మొగుడు పగిడయ్య ఇంటి వేల్పునూ వదల్లేదు, క్రిస్మస్ భోజనాన్నీ వదల్లేదు. మంచిదే, ఆకలికి మతమేంటి. కానీ తెల్లవారుజామున లేచి ఆ గుండిగను పొయ్యి మీదికి ఎక్కించేది ఎవరు? దానికి అడుగున ఒక పక్క పల్చన, ఆ పక్క మంట తగిలితే మాడుతుంది, ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే, అందుకని పొయ్యి దగ్గర నుంచి కదలడానికి లేదు. గంట కొడతారు. పాట మొదలవుతుంది. నేను పప్పులో నీళ్లు పోస్తుంటాను. రెండో పాట. గుమ్మడికాయ ముక్కలు. తర్వాత పాటలు ఆగిపోయి ఆయన గొంతు, అదీ గొంతు అని తెలియడమే తప్ప ఒక్క ముక్క అర్థం కాదు, మైకు బాకా ఊరివైపు తిప్పి కడతారు, వంటపాక చర్చి వెనక, మధ్యలో కట్టెల చిటపటలు, పిల్లల ఏడుపులు. ఒక్కోసారి లోపల అందరూ నవ్వేవాళ్లు. ఒక్కోసారి చడీచప్పుడూ ఉండేది కాదు, ఆడవాళ్లు ముక్కులు చీదడం వినబడేది. ఏం చెప్పాడో. పోనీ ఈ కూర దించి పోదాం అనుకునేదాన్ని, పోయి తలుపు దగ్గరైనా నిలబడదాం అని. అది దించేసరికి అన్నం పొంగేది. అన్నం వార్చేసరికి ఆశీర్వాదం అయిపోయి చెప్పులు వెతుక్కుంటూ వచ్చేసేవాళ్లు.

ఒక్క ఏడాది. ఒక్క క్రిస్మస్ అయినా, ఇస్త్రీ చీరలో, పొగ వాసన లేని జుట్టుతో, ఆడవాళ్ల వైపు రెండో వరుసలో ఫ్యాను కింద కూర్చుని, మొదటి పాట నుంచి చివరి ఆమెన్ దాకా లేవకుండా వినాలి. నాకున్న కోరిక ఇదొక్కటే, ఇంకేమీ లేదు, ఎవరైనా వింటే నవ్వుతారు, ఉపదేశి భార్యకు ఆరాధనలో కూర్చోవాలని కోరికట. ఈ ఇల్లు అందుకే తీసుకున్నాను. వరండా లేదు, అదే దీని అందం. ఇందులో ఇద్దరికి మించి పట్టరు, పట్టరు కాబట్టి రారు, రారు కాబట్టి నేను వండను. చీర తీశాను. దిండు కింద పెట్టాను, ఇస్త్రీ చెడకుండా.

అయినా అనుమానమే. ఈ మనిషిని నమ్మడానికి లేదు. పోయిన వారం సంతలో కనబడ్డ ప్రతివాడితో నిలబడి మాట్లాడాడు, చేయి చాపి ఈ వీధి వైపు చూపించాడు కూడా, నేను ఉల్లిగడ్డలు ఏరుతూ చూశాను. "ఎవరినన్నా రమ్మన్నారా?" అని నిన్న అడిగితే "ఇల్లెక్కడని అడిగిండ్రు, చెప్పిన" అన్నాడు. ఇల్లెక్కడో చెప్పడమంటే రమ్మనడం కాదా మన దగ్గర? అలాంటి నక్షత్రం కట్టి, దాంట్లో బల్బు వెలిగించి, నేనెవర్నీ పిలవలేదంటే ఎవరు నమ్ముతారు. వస్తారు. అయిదింటి బస్సు దిగి తిన్నగా ఇక్కడికే వస్తారు, అడ్డాకులు ఈ మంచం మీద పరుస్తారు, గుమ్మడికాయలు నా నెత్తిన పెడతారు. రానీ. నేను మాత్రం లేవను. ఉన్నదిదే, తింటే తినండి, లేకపోతే పడుకోండి అంటాను. అంటానా? అనలేను. అందుకే కదా బియ్యం డబ్బా నిన్ననే ఎవరికీ చెప్పకుండా నిండా పోసి పెట్టాను. ఆయనకు తెలిస్తే ఒక నవ్వు నవ్వుతాడు, ఆ నవ్వు నాకు అక్కర్లేదు.

బస్సు వచ్చింది. ఆ గేరు మార్చే మూలుగు నాకు తెలియకపోవడమేంటి, స్టాండు ఇక్కడికి కూతవేటు దూరం. ఆయన గొణుగుడు ఆపాడు. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. మనుషుల మాటలు, మూటలు దించుతున్న చప్పుడు, ఎవరో దగ్గు, ఆ దగ్గు పగిడయ్యదే. కన్నమ్మ గొంతు, ఎప్పుడూ కేక వేసినట్టే మాట్లాడుతుంది. వస్తున్నారు. మూల దగ్గరికి వచ్చారు. చెంగు దోపుకున్నాను, నాకు తెలియకుండానే, ఈ చేతులకు సిగ్గు లేదు. మాటలు మూల దగ్గర కాసేపు ఆగాయి. తర్వాత పక్కకు తిరిగాయి. చర్చి వైపు, మిషన్ ఇంటి వైపు, పోయాయి, పోతున్నాయి, పల్చబడ్డాయి.

తెరలోంచి చూశాను. ఆయన నా వైపు చూడలేదు. గోళ్లు చూసుకుంటున్నాడు.

మంచిదే. కావాల్సింది ఇదే కదా. మిషన్ ఇంటికి పోక ఇక్కడికెందుకు వస్తారు, అక్కడ కొత్త ఉపదేశి ఉన్నాడు, శాంతికుమార్, కుర్రవాడు, మోటారు సైకిలుంది, అతని భార్య బ్లెస్సీ చదువుకున్న పిల్ల, వరండా ఉంది. వాళ్లు వచ్చేది పండక్కి, నా కోసమా? ముప్పై ఏళ్లు వాళ్లు తిన్నది మిషన్ ఇంటి అన్నం, నా అన్నం అనుకున్నది నేను. అయినా మూల దాకా వచ్చి, ఆ నక్షత్రం కనబడుతుండగా, ఒక్కరన్నా, ఏమ్మా బాగున్నవా అని తొంగి చూడటానికి వాళ్ల కాళ్లేమన్నా అరిగిపోతాయా? ఒళ్లు మండిపోతోంది. రాకూడదని కోరుకున్నదాన్ని నేనే, రాలేదని ఏడుస్తున్నదాన్నీ నేనే, ఇంతకంటే తలతిక్క మనిషి జిల్లాలో ఉంటుందా. ఎసరు మరుగుతోంది. బియ్యం పోశాను. ఇద్దరికి. చారెడు.

మళ్లీ గొణుగుడు. "ఏమండీ, ఆ నోరు కాసేపు ఆపుతారా" అన్నాను. ఆపాడు. ఆపితే ఇంకా చిరాకుగా ఉంది.

గుమ్మం దగ్గర కాగితం చిరిగిన చప్పుడు. "ఏందిది, తలకు తగులుతాంది" అంటూ నక్షత్రం కింద నుంచి కన్నమ్మ, వెనక పగిడయ్య, అతని భుజం మీద లావు వెదురు బొంగు. లోపలికి వచ్చి నిలబడేసరికి గది నిండిపోయింది. కన్నమ్మ చుట్టూ చూసింది, గోడలు, బీరువా, మంచం, తెర, చూడటం అయిపోయింది, చూడటానికి ఇంకేమీ లేదు.

"ఇంతేనా ఇల్లు?" అన్నది.

"ఇంతే."

"అవ్, మంచిగనే ఉన్నది. ఊడ్సుడు తక్కువ." మంచం అంచున ఆయన పక్కనే కూర్చుంది, ఆమెకు ఆ మర్యాదలు ఎప్పుడూ లేవు. "గుండిగ కావాలె ఉపదేశమ్మా. ఆ కొత్త పిల్ల కాడ సిన్న గిన్నెలే ఉన్నయి, కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది, గింతమంది వస్తరని ఆమెకు ఎవలు జెప్పలే. ముందుగాల మూల కాడి కెల్లే మల్లి అటు పోయినం, మూటలు దించి వద్దామని."

అయితే మా ఇంటికి వచ్చింది మనిషి కోసం కాదు. గుండిగ కోసం. ఇన్నాళ్లూ ఇది ఎప్పుడు పోతుందా అని తిట్టుకున్నాను, ఇప్పుడు అడుగుతుంటే ఇవ్వబుద్ధి కావడం లేదు. నేను కూడా రానా అని అడుగుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. చెంగు ఇంకా దోపుకునే ఉంది.

"నేను వచ్చి..."

"వద్దన్నది ఆ పిల్ల. అమ్మగారిని పనికి పిలవకుండ్రి, ఆమెకు రేపు ముందట కుర్సీ ఏస్త, కూసొని ఇంటది అన్నది. గిన్నేండ్లు నిలబడ్డది సాలదా అన్నది."

ముందు కుర్చీ. రెండో వరుస కూడా కాదు, ముందు. ఫ్యాను తిన్నగా నా మీదే తిరుగుతుంది. నేను మంచం మీద కూర్చున్న ఆయన వైపు చూశాను. ఆయన పగిడయ్యకు దారి ఇవ్వడానికి కాళ్లు పైకి పెట్టుకుని, గడ్డం మోకాళ్ల మీద ఆనించి ఉన్నాడు. రేపు ఆయన కూడా కుర్చీలోనే కూర్చుంటాడు. చెప్పేది శాంతికుమార్. ఇంత చిన్న సంగతి నాకు ఇప్పటిదాకా తట్టలేదు. ఇల్లు వెతికాను, వరండా వద్దన్నాను, చీర ఇస్త్రీ చేయించాను, తీరా నేను కూర్చునే వేళకు నేను వినాలనుకున్న మనిషి నా పక్క వరుసలో కూర్చుని ఇంకొకరిది వింటాడు. ముప్పై ఏళ్లూ అన్నం పొంగింది, ఆయన మాటలు అయిపోయాయి.

బొంతలూ తెరలూ తీసి మంచం మీద పడేశాను, ఆయన వాటిలో సగం మునిగిపోయాడు. పగిడయ్య గుండిగ కడియాల్లోంచి బొంగు దూర్చాడు. "అడుగున ఈ పక్క పల్చన, మంట అటు పెట్టమను, తెడ్డు ఆపొద్దను" అని చెప్పాను, రెండుసార్లు చెప్పాను. వాళ్లిద్దరూ లేపి, గుమ్మం దగ్గర ఒకళ్లు వంగి ఒకళ్లు పక్కకు తిరిగి, నక్షత్రాన్ని ఇంకో చోట చింపి, బయటపడ్డారు. కన్నమ్మ బొంగు భుజాన ఉండగానే వెనక్కి తిరిగింది.

"రేపు కొత్తాయన సత్రపామె ముచ్చట చెప్తడో లేదో" అన్నది ఆయనతో. "మా ఆడోళ్లకు గదే ఇష్టం. నువ్వు చెప్పినట్టు ఎవలు చెప్తరు."

"సత్రపామె ఎవరు?" అన్నాను.

కన్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీకు తెల్వదా? ఏడాదేడాది చెప్తడు గద. గుట్ట మీద పోరగాండ్లకు గూడ వస్తది." పగిడయ్య అవతల నుంచి గుంజాడు, పోయారు.

గుట్ట మీద పిల్లలకు కూడా వచ్చు. అడవి అంతటికీ తెలిసిన నా మొగుడి కథ నాకు తెలియదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక గుండిగ ఉన్న చోట నిలబడ్డాను. నేల మీద గుండ్రంగా మచ్చ పడింది, చుట్టూ దుమ్ము, మధ్యలో శుభ్రంగా. ఇంత జాగా ఉందా ఇక్కడ. పీట తెచ్చి ఆ మచ్చ మధ్యలో వేసి కూర్చున్నాను, కాళ్లు చాపాను, చాపితే పట్టాయి. తెర తీసి పక్కకు కట్టేశాను. ఎదురుగా మంచం, మంచం మీద బొంతల్లో ఆయన, పెదాలు మళ్లీ కదులుతున్నాయి. అప్పుడు అర్థమైంది, పండగ ముందురోజు ఈయన ఏటా పోయి చర్చిలో ఒక్కడే అటూఇటూ తిరిగేవాడు, రేపటిది వల్లె వేసుకోవాలి మణీ, అన్నం ఆలస్యంగా తింటా అని. ఈ ఏడు పోవడానికి చర్చి లేదు, చెప్పడానికి రేపు లేదు, అయినా గోడవైపు తిరిగి వల్లె వేసుకుంటున్నాడు పిచ్చి మనిషి, మధ్యాహ్నం నుంచి, నేను నోరు మూయమన్నా.

"గట్టిగా చెప్పండి" అన్నాను.

"ఏంది?"

"అదే. ఆ సత్రం ఆమెది."

"ఇప్పుడా? రేపు చర్చికి పోతం గద మణీ."

"అక్కడ వేరే ఆయన చెప్తాడు. మీరు ఇక్కడ చెప్పండి. మొదటి నుంచి."

బొంతలు తోసేసి దిగాడు. చొక్కా పై బొత్తాం పెట్టుకున్నాడు, అది రెండోసారికి గానీ పట్టలేదు. నిలబడటానికి చోటు చూసుకుని బీరువాకూ గుమ్మానికీ మధ్య నిలబడ్డాడు, చిరిగిన నక్షత్రం వీపుకు తగులుతోంది. గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువునందు ప్రియమైన నా బిడ్డలారా..."

"బిడ్డలారా ఏంటి, నేనొక్కదాన్నే కదా."

"అలవాటు. నడుమ మాట్లాడకు." ఇంకోసారి గొంతు సవరించుకున్నాడు. "ప్రభువు పుట్టిన ఆ రాత్రి సత్రంల ఆయన తల్లికి జాగ లేకుండె. సత్రపాయన్ని అందరు తిడ్తరు. నేను తిట్ట. ఎందుకంటే ఆయనకొక ఇల్లాలుండె, ఆమె ముచ్చట ఎవలు చెప్పలే. లెక్కల పేర్లు రాసిచ్చేటందుకు దేశమంత ఒక్కనాడే ఆ ఊళ్లె దిగింది. దిగినోళ్లు తినాలె గద. ఆమె ఎనక పొయ్యి కాడ ఉన్నది. పశువుల పాకల కెల్లి పసిబిడ్డ ఏడుపు ఇనబడ్డది. గొర్లకాపరులు ఉరుక్కుంట పోతున్నరు. ఆమె అనుకున్నది, ఈ గిన్నె దించినంక నేను గూడ పోయి చూస్త..."

స్టవ్ మీద అన్నం పొంగింది. ఆయన ఆగి అటు చూశాడు. నేను కూర్చున్న చోటి నుంచే చేయి చాపి మూత తీశాను.

"ఆగకండి" అన్నాను.